‘అనుభవం’ అనే గడిలో ఏం రాయాలి

ఈ సంగతి నేను చాలామందికి నోటితో చెప్పాను. డిగ్రీ పూర్తిచేసి ఇప్పుడేం చేయాలో తెలియక మా షాపుకు వచ్చే పిల్లలకు చెప్పాను, వాళ్ళ అమ్మానాన్నలకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒకటి గమనిస్తూ వచ్చాను. అందులో నేను చేసిన తప్పు కొంచెం చిన్నదవుతోంది, నేను చేసిన మేలు కొంచెం పెద్దదవుతోంది. ఇంకో రెండేళ్ళు ఇలాగే చెబుతూ పోతే తప్పు పూర్తిగా మాయమైపోతుందని భయం వేసింది. కాగితం మీదికి ఎక్కిన మాట మారదు. అందుకే రాసి పెడుతున్నాను.

2023వ సంవత్సరం, మే నెల. చిత్తూరులో కోర్టుకూ బస్టాండుకూ మధ్య ఉన్న ఒక సందులో నాది జిరాక్స్ షాపు. పేరుకు జిరాక్సే గానీ మా పనిలో ముప్పావు వంతు ఆన్‌లైన్ అప్లికేషన్లు. ఉద్యోగ ప్రకటనను మేం నోటిఫికేషన్ అంటాం. అది పడిన రోజు నుంచి ఆఖరి తేదీ దాకా మాకు ఊపిరాడదు. ఫొటోను వాళ్ళు అడిగిన సైజుకు కుదించాలి, సంతకం స్కాన్ చేయాలి, సర్వర్ కదిలేదాకా కాచుకోవాలి. నేను చదివింది పదో తరగతి. మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయంలో జరిగింది. మధ్యాహ్నం కోర్టు భోజనాలకు లేచినప్పుడు మా సందులో మనుషులుండరు. ఆ గంటసేపు షాపు షట్టరు దించి, పన్నెండేళ్ళుగా నేను వెళ్ళి కూర్చునేది అక్కడే. కంప్యూటర్ నేర్చుకున్నది అక్కడి పుస్తకం చూసి, ఇంగ్లీషు నేర్చుకున్నది అక్కడి నిఘంటువు తిరగేసి. ఈ మాట చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

ఆ మే నెలలో ఒకరోజు పదకొండు గంటలప్పుడు మునిలక్ష్మి మొదటిసారి మా షాపుకు వచ్చింది. బంగారుపాళ్యం దగ్గర పల్లె. తిరుపతిలో హాస్టల్‌లో ఉండి వృక్షశాస్త్రంతో డిగ్రీ పూర్తిచేసింది. తిరుపతిలోనే ఒక ప్రయోగశాలలో సహాయకుల కోసం వాక్-ఇన్ ఉందని కాగితం చూపించింది. వాక్-ఇన్ అంటే రాతపరీక్ష ఉండదు. సర్టిఫికెట్లు పట్టుకుని చెప్పిన రోజున నేరుగా వెళ్ళాలి, ఆ రోజే మాట్లాడి పంపిస్తారు. దానికి రెజ్యూమ్ కావాలి, అంటే చదువూ అనుభవమూ చెప్పే రెండు పేజీల కాగితం.

ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. మా లాంటి షాపుల్లో రెజ్యూమ్ అనేది ఒకటే ఉంటుంది. ఎవరో ఎప్పుడో టైపు చేయించుకున్న ఫైలు. దాని మీదే పాత పేరు తీసి కొత్త పేరు వేస్తాం, తండ్రి పేరు మారుస్తాం, మార్కులు మారుస్తాం. ‘నా ఆశయం’ అనే పేరా అందరికీ అదే. బలాలు అవే. హాబీలు అవే. చిత్తూరు చుట్టుపక్కల పిల్లలందరూ పాటలు వింటారు, క్రికెట్ ఆడతారు. కింద ‘పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అని ఉంటుంది. దాని కింద వాళ్ళు సంతకం పెడతారు. చదివి సంతకం పెట్టినవాళ్ళను నేను చూడలేదు, చదవమని నేనూ ఎవరికీ చెప్పలేదు. మునిలక్ష్మికి కూడా పావుగంటలో చేసి ఇచ్చేశాను. అప్పటికి కౌంటరు ముందు ఇంకా ఆరుగురున్నారు.

నాలుగో రోజు ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. రెజ్యూమ్ రెండో పేజీని కౌంటరు మీద పెట్టి, నా వైపు తిప్పింది.

“అక్కా, నేను రెండేండ్లు యాడ పని సేసినానక్కా?” అంది.

పేజీ మధ్యలో ఒక వరుస కింద ఎర్ర గీత ఉంది. ‘కంప్యూటర్ ఆపరేటర్‌గా రెండు సంవత్సరాల అనుభవం’. ఆమెకు ముందు నేను రెజ్యూమ్ చేసిపెట్టిన ఒకాయనది అది. మొదటి పేజీ మార్చి, రెండో పేజీ మరిచిపోయాను.

“ఆడ ముగ్గురు కూసోనుండారు,” అంది. “మధ్యలో సారు అడిగినాడు. రెండేండ్లు ఆపరేటర్‌గా సేసినావు గదా, మరి డిగ్రీ ఎప్పుడు సదివినావని. నాకేం అర్థం కాలా. కాయితం నా తట్టుకు తిప్పినాడు. సూస్తే ఉండాది.”

“నువ్వేం చెప్పినావు?”

“నేను రాయలేదు సార్ అన్నా. సంతకం నీదేనా అన్నాడు. నాదే అన్నా. ఇంగ పొమ్మన్నారు. ఇంకోటి సెప్పేదా అక్కా? నా ముందు పొయ్యిన పిల్లోడు గూడా చిత్తూరే. వాని కాయితం సూసినా. వానిదీ నాదీ ఒకటే ఆశయం,” అంది.

నవ్వించడానికి అన్నదో, దెప్పడానికి అన్నదో తెలియలేదు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. తప్పు నాదేనని ఆ ప్రయోగశాలకు ఉత్తరం రాసిస్తానన్నాను. “అయిపోయిందిలేక్కా, ఆ పోస్టు ఎవురికో ఇచ్చేసినారు,” అంది.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. నాయుడుపేట దగ్గర పారిశ్రామికవాడలో ఒక కంపెనీకి ఆమె అప్పటికే ఎంపికైంది. జులై ఒకటో తేదీన చేరాలి. హాస్టలూ, అన్నమూ కంపెనీవాళ్ళే చూసుకుంటారు. ఇంట్లో అందరికీ ఇష్టమే. ఆలోపు మొక్కలకు సంబంధించిన పని ఏదైనా దొరికితే దానికి వెళ్ళొచ్చని వాళ్ళ నాయన ఒప్పుకున్నాడు.

“ఆ పని సెడ్డదని కాదక్కా. మా ఊరోళ్ళు నలుగురు ఆడనే ఉండారు, బాగనే ఉండారు. కానీ ఒకసారి ఆడికి పోతే మళ్ళా మొక్కల తట్టుకు రాలేనేమోనని. యాడికి పోయినా అనుభవం ఉండాదా అంటారు. మొదటి అనుభవం ఎవురిస్తారక్కా?”

పన్నెండేళ్ళలో వేల అప్లికేషన్లు నింపాను. ‘అనుభవం’ అనే గడి లేని ఫారం చాలా తక్కువ. ఆ గడిలోకి మొదటి మాట ఎక్కడి నుంచి వస్తుందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. తప్పు చేసిన బాధ ఒకవైపు ఉంది. నిజం చెప్పాలంటే, ఆ ప్రశ్న పెట్టిన దురద అంతకంటే ఎక్కువగా ఉంది.

ఆ మధ్యాహ్నం గ్రంథాలయంలో వెంకటరమణ సారును అడిగాను. ఆయన లైబ్రేరియన్. ఏది అడిగినా జవాబు చెప్పరు, ఏ అలమరలో చూడాలో చెబుతారు.

“నువ్వు రోజూ చదివేది ఉద్యోగాల పేజీ కదమ్మా. అది తప్ప మిగతావన్నీ చదివి చూడు,” అన్నారు.

తరువాతి పది మధ్యాహ్నాలు అదే పని చేశాను. రెండు నెలల జిల్లా పేపర్లు ముందేసుకుని, లోపలి పేజీల మూలల్లో ఉండే చిన్న అక్షరాలు చదివాను. పల్ప్ ఫ్యాక్టరీలు, అంటే మామిడి గుజ్జు తీసి డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలు, సీజన్‌లో తమ ల్యాబుల్లోకి సైన్సు డిగ్రీవాళ్ళను తీసుకుంటాయని అప్పుడే తెలిసింది. రసంలో తీపి ఎంతుందో కొలవడం వాళ్ళ పని. సర్వేలకు ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగేవాళ్ళు కావాలని ఒకచోట ఉంది. తాళపత్రాలను ఫొటో తీసి వివరాలు రాసేవాళ్ళకు శిక్షణ ఇస్తామని ఇంకోచోట ఉంది. అప్రెంటిస్‌షిప్, అంటే పని చేస్తూ నేర్చుకునే ఏడాది శిక్షణ, ఐటీఐ చదివినవాళ్ళకే అని నేను అన్నేళ్ళూ నమ్మాను. అలాగే అని షాపుకొచ్చిన పిల్లలకు చెప్పి పంపించాను కూడా. డిగ్రీవాళ్ళకూ ఉందట. ఎంతమందిని అలా వెనక్కి పంపానో లెక్క లేదు.

పరిశోధనా సంస్థల వెబ్‌సైట్లు చూస్తే ఇంకో వింత. ‘ఉద్యోగాలు’ అని ఉన్న చోట నొక్కితే ఖాళీ పేజీ వస్తుంది. ‘ప్రకటనలు’ అని ఉన్న చోట చూస్తే, పాత ఇనుము వేలానికీ క్యాంటీన్ టెండరుకూ మధ్యలో, ఆరు నెలలకో ఏడాదికో ఒక సహాయకుడు కావాలని రెండు వరుసలు ఉంటాయి. అది చూసేవాళ్ళు ఇనుము కొనేవాళ్ళే.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి మునిలక్ష్మికి చూపించాను. ఒక్కొక్కటీ అడిగి చూశాం. కొన్నింటికి పీజీ కావాలన్నారు. కొన్నింటికి తేదీ దాటిపోయింది. పల్ప్ ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే ఏప్రిల్‌లోనే తీసేసుకున్నాం, వచ్చే ఏడాది మార్చిలో అడగమన్నారు. అప్రెంటిస్ ఖాళీ ఒకటి దొరికింది గానీ అది అకౌంట్స్ పని. జూన్ మొదటి వారం వచ్చేసింది.

ఒకరోజు అలా మాట్లాడుతుండగా కరెంటు పోయింది. ఇద్దరం షాపు బయటికి వచ్చి నిలబడ్డాం. గుమ్మం పక్కన ఖాళీ రంగు డబ్బాలో నేనొక మామిడి మొక్క పెంచుతున్నాను. మల్లిక రకం అంటుమొక్క అని తెచ్చుకున్నాను. మునిలక్ష్మి దాని ముందు గొంతుక్కూర్చుని మొదలు దగ్గర వేలితో తడిమింది.

“ఇది అంటుమొక్క అని తెచ్చినావా అక్కా?”

“అవును పాపా. మల్లిక. ఎంత ఏపుగా వస్తోందో చూడు.”

“ఇది మల్లిక కాదక్కా. సూడు, అంటు ఈడ ఉండాది. దీని కింద నుంచి టెంక మొక్క సిగురేసింది. దాన్ని నువ్వు పెంచుతా ఉండావు. పైన కట్టిన పుల్ల ఎప్పుడో ఎండిపొయ్యింది.”

వంగి చూశాను. ఎండిపోయిన చిన్న మోడు, దానికి ఇంకా పాత ప్లాస్టిక్ పట్టీ చుట్టి ఉంది. మూడేళ్ళుగా రోజూ చూస్తున్న మొక్కే, ఎప్పుడూ కనిపించలేదు.

“ఎన్నేండ్లు నీళ్ళు పోసినావక్కా?”

“మూడు.”

“మొక్కయితే బాగుండాది. ఏం కాయ కాస్తుందో మాత్రం దేవునికే తెలియాల.”

ఇదంతా నీకెలా తెలుసని అడిగాను. ఆశ్చర్యంగా నా వైపు చూసింది. “మా ఇంట్లో పని అదే గదక్కా. నాయన నర్సరీలకు అంటు కడతాడు. ఏడో తరగతి నుంచి నేనూ కడతా ఉండా.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే? నీకేం పని వచ్చని అడిగితే ఏమీ రాదన్నావు.”

“అది కూలిపని గదక్కా. అది గూడా రెజ్యూమ్‌లో రాస్తారా యాడన్నా?”

నాకు ఇంకా తెలుసుకోవాలనిపించి అడుగుతూ పోయాను. టెంక నుంచి మొలిచిన మొక్క వేరుకు గట్టిది, కాయకు నమ్మలేం. దాని మీద మంచి చెట్టు పుల్లను కోసి కట్టాలి. కట్టడానికి పదిరోజుల ముందే చెట్టు మీద ఆ పుల్లకున్న ఆకులు కత్తిరించి ఉంచాలి, అప్పుడు మొగ్గ ఉబ్బుతుంది. ఇలా ఒక్కొక్కటే చెబుతూ, మాటల మధ్యలో ఒకటి అంది. “నాయనకు రాసేది రాదు. అందుకని అన్నీ నాతో రాయిస్తాడు.”

“ఏం రాయిస్తాడు?”

“ఏ తోటలో ఏ చెట్టు పుల్ల, ఏ దినం కట్టినాము, ఎవురు కట్టినారు, ఆ దినం గాలి యాడనుంచి కొట్టింది, కడాకు ఏవి అతికినాయి, ఏవి సచ్చినాయి. సంవత్సరానికొక నోటుబుక్కు. తొమ్మిది ఉండె. ఒకదాన్ని ఎలకలు కొట్టేసినాయి.”

మరునాడు ఒక నోటుబుక్కు తెచ్చింది. నాకు మొక్కల గురించి తెలియదు గానీ గడుల గురించి తెలుసు, బతుకంతా గడులు నింపడమే కదా. ఇంత శుభ్రంగా నింపిన గడులు నేను ఏ ఆఫీసు రిజిస్టరులోనూ చూడలేదు. గాలి అనే గడిలో ‘పడమర’, ‘తూర్పు’, ‘లేదు’ అని ఉంది. అదెందుకని అడిగాను.

“పడమటి గాలి కొట్టే దినం కడితే పుల్ల ఎండిపోతుందంటాడు నాయన. నిజమో కాదో తెలుసుకుందామని ఇంటర్‌లో ఉన్నప్పుడు ఆ గడి నేనే పెట్టినా.”

“తేలిందా?”

“కొంచెం తేలింది. తోతాపురి రకానికి నిజమే. నీలానికి అంత తేడా లేదు. మిగతా వాటికి ఇంగా సూడాల.”

ఏడో తరగతి నుంచి ఎనిమిది నోటుబుక్కులు. నేను చేసిచ్చిన రెజ్యూమ్‌లో ఈ అమ్మాయికి పాటలు వినడం హాబీ.

ఆ మధ్యాహ్నం వెంకటరమణ సారుకు ఈ సంగతి చెబితే ఆయన లేచి వెళ్ళి ఒక వ్యవసాయ మాసపత్రిక పాత సంచిక తెచ్చి నా ముందు పెట్టారు. చిత్తూరు తోటల్లోంచి పాత మామిడి రకాలు ఎలా మాయమవుతున్నాయో, వాటి పుల్లలు సేకరించి ఎక్కడైనా ఒకచోట అంటు కట్టి నిలబెట్టడం ఎంత అవసరమో అందులో ఒక వ్యాసం ఉంది. చివర రాసినవారి పేరు వసుంధర. మామిడి మీద పనిచేసే ఒక పరిశోధనా క్షేత్రంలో శాస్త్రవేత్త అని, ఈమెయిల్ కూడా ఉంది.

“నోటిఫికేషన్ ఏమీ లేదే సార్?” అన్నాను.

“నోటిఫికేషన్ ఎందుకమ్మా? పని కనబడుతోంది, పని చేసే మనిషి కనబడుతోంది. అడిగితే ఏం పోతుంది?”

ఎవరూ అడగని అప్లికేషన్‌ను నేను ఎప్పుడూ పంపలేదు. ఫారం లేదు, ఆఖరి తేదీ లేదు, అప్‌లోడ్ చేయడానికి గడి లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో నాకే తెలియలేదు. మునిలక్ష్మిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, నువ్వే రాయి, నేను ముట్టుకోను అన్నాను. తెలుగు వ్యాసానికి తెలుగులోనే రాసింది. ఇంత చిన్నది:

‘అమ్మా, మీ వ్యాసం చదివాను. మేము అంటు కట్టే కుటుంబం. నేను వృక్షశాస్త్రంలో డిగ్రీ చదివాను. ఏడో తరగతి నుంచి మేము కట్టిన అంటు వివరాలు నోటుబుక్కుల్లో రాసి పెట్టాను. రెండు పేజీల ఫొటోలు పంపుతున్నాను. మీరు చెప్పిన పాత రకాల్లో రెండింటి చెట్లు మా మండలంలో ఎక్కడున్నాయో నాకు తెలుసు. మీ దగ్గర నేర్చుకునే పని ఏదైనా ఉంటే రాగలను.’

పంపాక ఐదు రోజులు ఏమీ రాలేదు. ఆ ఐదు రోజులూ ఆ అమ్మాయి అనుమతితో ఆమె మెయిలు నేను రోజుకు నాలుగుసార్లు తెరిచి చూశాను. నా కోసం వచ్చే ఉత్తరానికి కూడా అంత ఎదురుచూసి ఉండను. ఆరో రోజు రెండు వరుసలు వచ్చాయి. ‘ఆ నోటుబుక్కులు మీ చేత్తో రాసినవేనా? సోమవారం అన్నీ తీసుకుని రాగలరా?’

సోమవారం షాపు తాళం టీ అంగడి ఖాసిం భాయికి ఇచ్చి నేనూ వెళ్ళాను. నాకక్కడ పనేమీ లేదు, ఏం జరుగుతుందో చూడాలని వెళ్ళాను.

వసుంధర మేడం నుదుటి మీద కళ్ళద్దాలు, చెప్పుల నిండా ఎర్రమట్టి, అప్పుడే తోటలోంచి వచ్చినట్టున్నారు. కుశల ప్రశ్నలు లేవు. నోటుబుక్కులు ఒక్కొక్కటే తీసి అరగంట చదివారు. ఫ్యాను గాలికి పేజీలు లేస్తుంటే మునిలక్ష్మి వేలితో అదిమి పట్టుకుంది.

“ఈ నిలువు గీత ఏమిటి?”

“నేను కట్టినవి మేడం. అడ్డగీత ఉండేటివి నాయన కట్టినవి.”

“మీ నాన్నవే ఎక్కువ అతికినట్టున్నాయి.”

“ఆ నోటుబుక్కులో అంతే మేడం. దాని తర్వాతది సూడండి.”

మేడం ఆ పుస్తకం తెరిచి చూసి నవ్వారు. తరువాత తోటలోకి తీసుకెళ్ళి ఒక టెంక మొక్కా, పుల్లా, చాకూ ఇచ్చారు. మునిలక్ష్మి పుల్లను చేతిలోకి తీసుకుని చూసి, “దీనికి ఆకులు ఎప్పుడు తీసినారు మేడం?” అని అడిగింది. నిన్న అన్నారు. “అయితే ఇది అతకదు మేడం. కట్టమంటే కడతా,” అంది. కట్టి చూపించింది కూడా.

వెనక్కి వచ్చాక మేడం ఉన్నదున్నట్టు చెప్పారు. “పాత రకాల ప్రాజెక్టు ఇంకా మంజూరు కాలేదు. మంజూరైతే ఫీల్డ్ అసిస్టెంట్ పోస్టు వస్తుంది. అది నీకిస్తానని నేను మాటివ్వలేను, అందరితోపాటు నువ్వూ అప్లై చేయాలి. ఇప్పుడు నేనివ్వగలిగింది ఒకటే. ఈ అంటు సీజన్ నాలుగు నెలలు ట్రైనీగా రా. స్టైపెండ్ వస్తుంది, బస్సుకూ భోజనానికీ సరిపోతుంది, అంతకంటే మిగలదు. చివర సర్టిఫికెట్ ఇస్తాం. జులై ఒకటికి మొదలు.”

అదే జులై ఒకటి.

ఇద్దరం తిరుగు బస్సెక్కాం. కాణిపాకం రోడ్డు దాటాక అడిగింది. “నువ్వయితే ఏం సేస్తావక్కా?”

నేను చెప్పనన్నాను. ఆ అమ్మాయి బతుకులోకి నేను టైపు చేసిన ఒక అబద్ధం అప్పటికే ఒకసారి వెళ్ళింది. ఇప్పుడు సలహా కూడా నాదై, అది తప్పైతే? చేరితే నెల తిరగ్గానే జీతమొచ్చే ఉద్యోగాన్ని వదులుకోమని, నాలుగు నెలల తరువాత ఏముంటుందో తెలియనిదాంట్లోకి వెళ్ళమని ఏ ధైర్యంతో చెప్పాలి? “మీ నాయనను తీసుకుని రా, ఉన్నదంతా ఆయన ముందర చెబుతాను, మీరే తేల్చుకోండి,” అన్నాను.

రెండు రోజుల తరువాత ఇద్దరూ వచ్చారు. వాళ్ళ నాయన మునిరత్నం అన్నకు యాభై ఏళ్ళుంటాయి. కుడిచేతి బొటనవేలి మీద చాకు గాట్లు గీతలు గీతలుగా ఉన్నాయి. స్టూలు వేస్తే కూర్చోలేదు.

“అమ్మా, నాకొకటి సెప్పు. అంటు కట్టేది నేర్చుకునేదానికి అంత దూరం పోవాల్నా? నా కాడ నేర్చుకోలేదా ఇది?”

“నేర్చుకుంది అన్నా. నీకంటే బాగా కడతానని ఆ మేడం ముందర చెప్పింది కూడా.”

ఆయన కూతురి వైపు తిరిగాడు. “అట్ల సెప్పినావా?”

“నోటుబుక్కులో ఉండేదే సెప్పినా నాయనా,” అంది.

ఆయన మీసం కింద నవ్వు కనబడీ కనబడనట్టు కదిలింది. వెంటనే మొహం మామూలుగా పెట్టుకున్నాడు. “కంపెనీలో అయితే నీడపట్టున పని. దీనికి డిగ్రీ సదివించి మళ్ళా మట్టిలోకే పంపిస్తివా అంటారు మనూర్లో.”

“అననీ నాయనా. నువ్వు కడితే అతుకుతుంది. యాల అతుకుతుందో నీకు తెల్సా?”

“అతికితే సాలదా?”

“సాలదు. నీలానికి పడమటి గాలి యాల తగలదో తెలిస్తే, మిగతా రకాలు గూడా ఎట్ల కాపాడాల్నో తెలుస్తుంది. ఆడ దానికి మిషన్లు ఉండాయి. నాకు ఆ గడి ఐదేండ్లుగా సగమే నిండింది నాయనా.”

మునిరత్నం అన్న రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇద్దరు లాయర్ల గుమాస్తాలు వచ్చి కాపీలు తీసుకుని వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక నన్ను అడిగాడు. “ఈ బుక్కులు ఆడ ఇచ్చేయాల్నామ్మా?”

“వాళ్ళకు కావాలి అన్నా. పని మొదలుపెట్టేది వాటితోనే అన్నారు.”

“అయితే అన్నిటికీ జిరాక్స్ తియ్యి. అసలుది ఇంట్లో ఉండనీ. దాంట్లో నేను సెప్పిన మాటలు ఉండాయి.”

పొమ్మనే మాట ఆయన నోటితో అనలేదు. మునిలక్ష్మికి అర్థమైంది, నాకు ఒక నిమిషం ఆలస్యంగా అర్థమైంది.

ఎనిమిది నోటుబుక్కులూ కాపీ తీయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. మునిరత్నం అన్న మెషిన్ పక్కనే నిలబడి పేజీలు అందించాడు. అక్షరాలు రావు గానీ ఏ పేజీ ఏ సంవత్సరానిదో మరకలు చూసి చెప్పాడు. ఇది గాలివాన సంవత్సరం, ఇది నేను జ్వరంతో పండుకున్నప్పటిది, ఇదంతా పాప ఒక్కతే కట్టింది అంటూ. కంపెనీకి రాలేనని మెయిలు కూడా మునిలక్ష్మి ఆ రోజే పంపింది. రెండు వరుసల్లో, మర్యాదగా, తనే టైపు చేసింది.

నాలుగు నెలలు తెల్లవారే బస్సెక్కి వెళ్ళివచ్చింది. అప్పుడప్పుడు షాపు ముందు ఆగి సంగతులు చెప్పేది. గాలిలో తేమ కొలిచే పరికరం చేతికిచ్చారని ఒకసారి, తన నోటుబుక్కులోని మాటకు ఎదురు ఫలితం వచ్చిందని ఇంకోసారి. ఆ రెండోది చెప్పేటప్పుడే ఎక్కువ సంతోషంగా ఉంది. ప్రాజెక్టు మరుసటి ఏడాది మొదట్లో మంజూరైంది. పోస్టు ఒకటే. అప్లికేషన్ మా షాపులోనే పెట్టింది. ఎంపిక జాబితాలో పైన ఒక పీజీ చదివిన అబ్బాయి పేరు, కింద వెయిటింగ్‌లో మునిలక్ష్మి పేరు వచ్చాయి. పదిహేను రోజులు ఇద్దరం ఆ మాట ఎత్తకుండా వేరేవి మాట్లాడుకున్నాం. ఆ అబ్బాయికి వేరేచోట పై చదువుకు సీటు వచ్చి చేరలేదు. మునిలక్ష్మిని పిలిచారు.

ఇది ఏడాదికి ఏడాది పొడిగించే పని. రేపు ఏమవుతుందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. పోయినసారి కలిసినప్పుడు ఏర్పేడు అవతల ఒక తోటలో, ఆ తోట రైతుకే పేరు తెలియని చెట్టు దొరికిందని చెప్పింది. దాని పుల్ల తెచ్చి నాయన చేత కట్టించిందట. అతికిందా అని అడిగితే, ఇంకా చూడాలి అంది.

ఆ రెజ్యూమ్ ఫైలును నేను చెరిపేశాను. ఇప్పుడు డిగ్రీ పిల్లలెవరైనా వస్తే ముందు మీ ఇంట్లో ఏం పని చేస్తారు, అందులో నువ్వేం చేస్తావు అని అడుగుతాను. కొందరికి కోపం వస్తుంది, పక్క షాపుకు వెళ్ళిపోతారు. నగరి నుంచి వచ్చిన ఒక పిల్లవాడు మాత్రం వాళ్ళ మగ్గం పాడైతే తనే విప్పి బిగిస్తానని చెప్పాడు, దాని మీద ఒక అప్రెంటిస్‌షిప్ దొరికింది. మేం రాసిన ఉత్తరాల్లో చాలావాటికి జవాబే రాదు, ఆ సంగతి ముందే చెబుతాను. ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇది: ప్రకటన పడకముందే పని ఉంటుంది, ఆ పని ఎవరో ఒకరు ఒంటరిగా చేస్తూ ఉంటారు. వాళ్ళెవరో వెతికి, మనకు నిజంగా తెలిసింది రాసి, అడగాలి. తెలిసింది కూలిపని అయినా దాచకూడదు. రాసినదాన్ని సంతకం పెట్టే మనిషి చదివి తీరాలి. నా ముందు చదివితేనే ఇప్పుడు నేను ప్రింటు ఇస్తాను.

ఇందులో సాయపడినవాళ్ళకు పేరుపేరునా దండం పెట్టాలి. జవాబు చెప్పకుండా అలమర చూపించిన వెంకటరమణ సారుకు. ముక్కూమొహం తెలియని పిల్ల రాసిన ఉత్తరం చివరిదాకా చదివిన వసుంధర మేడానికి. తాళం అడగ్గానే తీసుకుని, ఆ రోజు నా బదులు పదిమందికి కాపీలు తీసి, అందులో నాలుగు తలకిందులుగా తీసిన ఖాసిం భాయికి. చదవలేకపోయినా రాయించి పెట్టుకున్న మునిరత్నం అన్నకు. నా పొరపాటు కింద ఎర్ర గీత గీసిన ఆ ఇంటర్వ్యూ సారుకు, ఆయన పేరు నాకు తెలియదు.

చివరగా మునిలక్ష్మికి. మా సందులో నాది కాక ఇంకా నాలుగు షాపులున్నాయి. నా వల్ల అవమానపడి వచ్చిన రోజున వాటన్నిటినీ దాటుకుని, తప్పు చేసిన షాపుకే వచ్చి, కాగితం నా వైపు తిప్పి అడిగింది. అలా అడిగినందుకు.